జాలీలో వత్తి

లారీ ఇంటికి ఎడ్లతో వచ్చింది. కంది దగ్గర ఎత్తు ఎక్కుతూ ఆగిపోయిన బండిని బండ్ల ఐలన్న రెండు జతల ఎడ్లు కట్టి సంగారెడ్డి దాకా లాక్కొచ్చాడు. దొడ్డి తలుపులు రెండూ తీసి పట్టుకున్న బషీరున్నీసా, ఇంజిన్ చప్పుడు లేకుండా లారీ లోపలికి రావడం అదే మొదటిసారి చూసింది. టైర్ల కింద మొరం నలుగుతున్న చప్పుడు, ఎడ్ల ఊపిరి, అంతే. మగవాళ్లు లోపలికి రాగానే ఆమె వసారాకు అడ్డంగా కట్టిన గోనెపట్టా పరదా వెనక్కి వెళ్లింది.

స్టీరింగ్ ముందు ఆమె భర్త ఫజలుద్దీన్ కూర్చుని ఉన్నాడు. ఆ సీటులో యాదన్న తప్ప మరొకరు కూర్చోవడం ఆమె ఎరగదు. డ్రైవర్ యాదన్న లారీ వెనక నడుస్తూ వచ్చాడు. భుజం మీద తువ్వాల, చేతిలో ఇంజిన్ తిప్పే ఇనప హ్యాండిల్.

"సేట్, నా మాట విని గడ్డి మీద నడిచే బండి కొను," అన్నాడు ఐలన్న కాడి విప్పుతూ. "నా ఎడ్లు అలిసిపోతయ్ గాని కాలిపోవు."

ఎవరూ నవ్వలేదు. ఐలన్న పరిస్థితి గ్రహించి ఎడ్లను నీళ్ల తొట్టి దగ్గరికి తోలుకుపోయాడు.

ఫజలుద్దీన్ బానెట్ రెక్క ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగాడు. దాని కొసను బొటనవేలితో, చూపుడువేలితో రుద్ది వాసన చూశాడు. తర్వాత ఆ పుల్లనే యాదన్న ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏంది ఇది?"

యాదన్న హ్యాండిల్‌ను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకున్నాడు.

"మొబిలాయిల్ వాసనేనా ఇది? డబ్బ తెచ్చి నీ చేతుల పెట్టిన. ఆ డబ్బ ఏం జేసినవ్?"

"చాంబర్ల పోసిన భాయ్."

"పోసినవా? అమ్ముకొని దాని జాగల గానుగ నూనె పోసినవా? సూడు, బంక లెక్క సాగుతుంది. ఇంజిన్ పట్టుకపోక ఏమైతది?"

"నేను అమ్ముకోలే."

"మరి గిదెట్ల వచ్చింది దీంట్లకు?"

యాదన్న చూపు ఒక్కసారి పరదా వైపు వచ్చి వెనక్కి పోయింది. పరదాకున్న చిరుగులోంచి చూస్తున్న బషీరున్నీసా తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"లారీల అడ్డ మీద నలుగురి ముంగట అడిగిన, నోరు లేవలే," అన్నాడు ఫజలుద్దీన్. "ఇప్పుడు నా ఇంట్ల గూడ లేవదా? దొంగను పెట్టుకొని బండి నడిపే తాకత్ నాకు లేదు. పో."

యాదన్న హ్యాండిల్‌ను గడప పక్కన, కాలికి తగలకుండా, గోడకు ఆనించి పెట్టాడు. తువ్వాల దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. "బూబమ్మా, పోతున్న," అని పరదా వైపు చెప్పి వెళ్లిపోయాడు.

బషీరున్నీసా లోపలికి పోయి గూటిలో ఉన్న పచ్చ సీసా మూత తీసింది. భర్త వేళ్ల మధ్య సాగిన నూనె వాసన తనకు అంత దూరం రాలేదు. అయినా సీసా వాసన చూసింది. ఆముదం, మసి, కొద్దిగా ఊదు వాసన. మూత బిగించి సీసాను గూటిలో ఇంకా లోపలికి నెట్టింది.

గుట్ట మీది దర్గాలో ప్రతి జుమేరాత్ నాడు, అంటే గురువారం, దర్గా చూసుకునే ముజావర్ దీపాల అడుగున మిగిలిన నూనెను అడిగినవాళ్ల సీసాల్లో పోసి ఇస్తాడు. దాన్ని జ్వరం వచ్చిన పిల్లల గుండె మీద రాస్తారు. ఎడ్ల కొమ్ములకు, కొత్త ఇంటి గడపకు రాస్తారు. లారీ ఇస్నాపూర్ దగ్గర చెట్టుకు గుద్దుకుని యాదన్న, ఫజలుద్దీన్ ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డ వారం ఆమె సీసాతో లారీ చుట్టూ తిరిగింది. లారీకి ఎక్కడ రాయాలో తెలియలేదు. యాదన్న ఇంజిన్ మీది మూత తిప్పి నూనె పోయడం చూశాక తెలిసింది. అప్పటినుంచి జుమేరాత్ సాయంత్రం లారీ దొడ్డిలోకి రాగానే, మగవాళ్లు హోటల్‌కు పోయిన వేళ చూసి, ఒక గిన్నెడు నూనె బిస్మిల్లా అని అందులో పోస్తూ వచ్చింది.

మరునాడు పొద్దున్నే మిస్త్రీ చాంద్ పాషా పటాన్‌చెరు నుంచి వచ్చాడు. వెంట ఇద్దరు కూలీలు, మూడు టేకు వాసాలు, బరువులెత్తే ఒక చైన్ కుప్పీ. ఇంజిన్‌ను హైదరాబాద్ దాకా మోయించడం తన వల్ల కాదని ఫజలుద్దీన్ ముందే చెప్పాడు. దొడ్డిలోనే విప్పాలి, దొడ్డిలోనే అతకాలి.

చాంద్ పాషా పనిలో దిగేముందు లారీ చుట్టూ తిరిగి, మడ్‌గార్డు మీద చేత్తో తట్టాడు. "మిలిటరీ వేలంల కొన్నవు గదా. ఇది ఏ దేశం మట్టి తిని వచ్చిందో. నీ కాడికి వచ్చినంకనే దీనికి కడుపునొప్పి పట్టింది."

"నా కాడ గాదు. డ్రైవర్ కాడ," అన్నాడు ఫజలుద్దీన్.

"విన్నలే. అడ్డ మీద అంత గదే ముచ్చట."

రేడియేటర్ నీళ్లు వదిలారు. తుప్పు కలిసిన ఎర్రటి నీళ్లు కాలువ కట్టి బషీరున్నీసా పెంచుకున్న పుదీనా మడి దాకా వచ్చాయి. గొట్టాలు ఊడదీశారు. బానెట్, ముందు జాలీ, రేడియేటర్ ఒక్కొక్కటే గోడ వారగా చేరాయి. బోల్టులన్నీ అన్నం వడ్డించే పాత తాంబాలంలో పడుతుంటే, ఫజలుద్దీన్ తల్లి ఆలంబీ నులకమంచం మీద నుంచి అది చూసి, "దాంట్ల నీ నికా నాడు బిర్యానీ పెట్టిన్రు, తెలుసునా," అంది కొడుకుతో.

"గిప్పుడు ఇంజిన్‌కు నికా చేస్తున్నం అమ్మీ," అన్నాడు చాంద్ పాషా.

మధ్యాహ్నానికి మూడు వాసాలను పైన మోకుతో బిగించి లారీ ముక్కు మీదుగా నిలబెట్టారు. వాటి నుంచి కుప్పీ వేలాడదీసి, ఇంజిన్ కింద గొలుసు రెండు చుట్లు తిప్పి కొక్కేనికి తగిలించారు. చాంద్ పాషా గొలుసు లాగడం మొదలుపెట్టాడు. మొదట వాసాలు కిర్రుమని మట్టిలో దిగాయి. తర్వాత ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి, తన చోటు నుంచి విడలేనట్టు ఆగింది. ఫజలుద్దీన్ గడ్డపారతో వెనక నుంచి మెల్లగా ఎత్తాడు. కదిలింది. నల్లటి జిడ్డు ముద్ద గాలిలోకి లేచి, తన బరువుకు తానే తిరుగుతూ ఆగింది. కూలీలు కింద నుంచి లారీని వెనక్కి నెట్టారు. ఇంజిన్‌ను రెండు దుంగల మీదికి దింపారు.

లారీ ముఖం ఖాళీగా కనిపించింది. బషీరున్నీసా పరదా వెనక నిలబడి ఆ ఖాళీ వైపు చూడలేకపోయింది. ఇంజిన్ వైపూ చూడలేకపోయింది. అది ఇప్పుడు ఆమె వంటింటికి ఎదురుగా ఉంది.

విడిభాగాలు కడగడం యాదన్న పని. యాదన్న లేడు. కూలీలకు ఆ పని అప్పజెపితే ఏది ఎక్కడ పారేస్తారో అని చాంద్ పాషా ఒప్పుకోలేదు. "బషీరా, జెర నువ్వే కడగు," అన్నాడు ఫజలుద్దీన్. "గిన్నెలు కడిగినట్టే." అలా రెండోరోజు నుంచి లాంతరులో పోసే గాసునూనె ఒక గంగాళంలో, ముక్కలన్నీ పరదా కింది నుంచి ఆమె వైపు జరుగుతూ వచ్చాయి. వాల్వులు, స్ప్రింగులు, పిస్టన్లు. ఆమె ఈతబరిగె కుంచెతో రుద్ది, పాత లుంగీ గుడ్డతో తుడిచి, వచ్చిన వరుసలోనే చాప మీద పేర్చేది.

చాంబర్ విప్పినప్పుడు చాంద్ పాషా "అరె" అన్నాడు. ఇంజిన్ అడుగున ఉండే ఆ రేకు తొట్టి లోపల నూనె ఉండాల్సిన చోట గోధుమరంగు మైనంలాంటిది పట్టి ఉంది. అతను వేలితో గీకి, నాలుక కొసకు తగిలించుకుని ఉమ్మేశాడు.

"ఆముదం. మొబిలాయిల్‌ల ఆముదం కలవది సేట్. వేడికి ముద్ద గట్టి పంపు నోరు మూసింది. నూనె మీదికి ఎక్కలే, బేరింగులన్ని కరిగినయ్."

"నేను చెప్పలే?" అన్నాడు ఫజలుద్దీన్. అతని గొంతులో కోపం కంటే తన మాట నిలబడ్డ తృప్తి ఎక్కువ వినిపించింది. "ఇంట్ల పెరిగినోడు. అమ్మీ చేతి కూడు తిన్నోడు."

"ఆముదం పోసి అమ్ముకునుడేంది, గది గూడ చీప్ గాదు గదా," అని చాంద్ పాషా గొణిగి, పంపును ఊడదీసి పరదా కింది నుంచి జరిపాడు. "దీని జాలీ మంచిగ కడుగు బహెన్. గిదే దీని గొంతుక."

జాలీ అరచేతిలో పట్టేంత ఉంది. సన్నటి ఇత్తడి తీగల అల్లిక, దాని మీద మైనం. బషీరున్నీసా దాన్ని గాసునూనెలో ముంచి కుంచెతో రుద్దింది. మైనం కొంచెం కొంచెంగా కరిగింది. అల్లికలో ఏదో చిక్కుకుని ఉంది. గోటితో పట్టి లాగితే వచ్చింది. ఒక కొస కాలి నల్లబడ్డ దూది వత్తి. దర్గా దీపాలకు ముజావర్ భార్య పేనే వత్తి, రెండు పోగులు ఎడమ వైపు మెలితిప్పినది. సీసాలోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి ఇంజిన్‌లోకి ఎప్పుడు జారిందో ఆమె చూడలేదు.

పరదాకు అటు వైపు చాంద్ పాషా సుత్తి చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. ఆమె వత్తిని పిండి, కొంగు కొసన ముడివేసింది. జాలీని మళ్లీ ముంచి, అది మెరిసేదాకా రుద్దింది.

ఆ సాయంత్రం యాదన్న భార్య మల్లవ్వ వచ్చింది. ఎప్పుడూ వెనక వాకిలి నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, ఈసారి గడప దగ్గరే నిలబడింది.

"ఇంజిన్ తీసిన్రా బూబమ్మా?"

"తీసిన్రు. లోపలికి రా."

"రాను. పోవాలె. నీకొక్క మాట చెప్పి పోదామని వచ్చిన." మల్లవ్వ ముఖంలో కొత్త ధైర్యం ఉంది. "అడ్డ పెద్దమనుషులు కూసున్నరట. దర్గ కాడ దీపమార్పి ప్రమాణం చేస్తే ఇగ ఆ ముచ్చట ఎవ్వలు ఎత్తొద్దు అన్నరట. రేపు జుమేరాత్ గదా, రేపే."

"యాదన్న ఏమన్నడు?"

"ఏమంటడు? చేస్త అన్నడు. చెయ్యని తప్పుకు భయమేంది? గా మనిషికి నిద్ర లేదు బూబమ్మా. బీడీ గూడ తాగుతలేడు. రేపటితోటి పీడ పోతది." వెళ్లబోతూ ఆగింది. "నువ్వు గూడ దువా చెయ్యి. నీ చేతి నూనె తోటే గదా మా బిడ్డ జెరం తగ్గింది."

మల్లవ్వ వెళ్లాక బషీరున్నీసా చాలాసేపు అక్కడే కూర్చుంది. కొంగు ముడి విప్పలేదు. యాదన్న ప్రమాణం చేస్తాడు. అతను నూనె అమ్ముకోలేదు కాబట్టి దీపం ఆర్పుతాడు. మాట పోతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనవసరం ఉండదు. ఆలోచించే కొద్దీ అది ఆమెకు న్యాయంగానే తోచింది. అలా తోచినందుకు ఆమె లేచి, పని లేకపోయినా నీళ్ల కుండ కడగడం మొదలుపెట్టింది.

జుమేరాత్ నాడు చాంద్ పాషా బేరింగులు పోశాడు. దొడ్డిలో రాళ్ల పొయ్యి పెట్టి ఇనప గరిటెలో తెల్లటి లోహం కరిగించి, అది పాదరసంలా ఊగుతుంటే అచ్చులోకి వంచాడు. చల్లారాక షాఫ్టు మీద కూర్చోబెట్టి, ఎక్కడ రాసుకుంటుందో చూడటానికి మసి కావాలన్నాడు. "పెనం అడుగు గీకి ఇయ్యి బహెన్. రెండు చుక్కలు నూనె గూడ."

బషీరున్నీసా పెనం గీకుతుండగా ఆలంబీ మంచం దిగి, గోడ పట్టుకుంటూ గూటి దగ్గరికి పోయి పచ్చ సీసా తీసింది. "గీ నూనె ఇయ్యి దుల్హన్. బర్కత్ ఉంటది. నా మోకాలు గీ నూనె మీదనే నడుస్తుంది."

బషీరున్నీసా సీసాను అత్త చేతిలోంచి తీసుకుంది. తీసుకున్న తీరు మోటుగా ఉన్నందుకు ఆలంబీ ఆమె ముఖం వైపు చూసింది.

"మోకాలుకే ఉండనీ అమ్మీ," అని, ఆమె మసిలో వంటనూనె కలిపి ఇచ్చింది.

చాంద్ పాషా షాఫ్టుకు మసి పూసి, బేరింగ్ బిగించి, ఒక చుట్టు తిప్పి, విప్పి చూసేవాడు. మసి అంటిన చోటును పదునైన రేకుతో సన్నగా గీకేవాడు. మళ్లీ పూసేవాడు, మళ్లీ గీకేవాడు. మసి అంతటా ఒకేలా అంటేదాకా ఆ పని ఆగదు. బషీరున్నీసా చెవులు ఆ గీకుడు మీద లేవు. దొడ్డి తలుపు మీద ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఫజలుద్దీన్ వచ్చాడు. చెప్పులు విడిచి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని, చాంద్ పాషా పక్కన కూర్చున్నాడు.

"ఆర్పిండా?" అన్నాడు చాంద్ పాషా.

"ఆర్పలే."

రేకు చప్పుడు ఆగింది.

"మట్టి దీపం ముట్టించి ముంగట పెట్టిన్రు. అడ్డ పెద్ద ఏం చెప్పాల్నో చెప్పిండు. రెండే మాటలు. ఆ నూనె నేను పొయ్యలే, పోసినోళ్లెవరో నాకు ఎరిక లేదు. గిది చెప్పి వత్తి నలిపి ఆర్పాలె. మొదటి మాట గట్టిగనే చెప్పిండు. రెండో మాట కాడికి వచ్చినంక ఊకున్నడు. చెప్పరా అంటే చెప్పడు. మరి ఎరికేనా అంటే గది చెప్పడు. దీపం దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఆఖరుకు దండం పెట్టి దిగి వచ్చిండు."

"అంటే ఇంకెవడో ఉన్నడన్నట్టు," అన్నాడు చాంద్ పాషా.

"భాగస్తుడు. గానుగోడు కావచ్చు. అందరు గదే అన్నరు. మల్లవ్వ నేల మీద కూసుండి ఏడ్చింది. ఇగ వానికి ఈ సడక్ మీద ఎవ్వడు స్టీరింగ్ ఇయ్యడు."

పరదా వెనక బషీరున్నీసా చేతిలోని గిన్నె కింద పెట్టింది. దొడ్డిలో ఆ రోజు పరదా వైపు వచ్చి వెనక్కి పోయిన చూపు ఇప్పుడు ఆమెకు అర్థమైంది. యాదన్న చూశాడు. ఎప్పుడో ఒక జుమేరాత్ నాడు, తలుపు దగ్గరి నుంచో, లారీ వెనక నుంచో, ఆమె మూత తిప్పడం చూశాడు. అమ్ముకున్నావా అంటే లేదన్నాడు. ఎవరు పోశారంటే మాట్లాడలేదు. తెలియదని దీపం ముందు అబద్ధం ఆడలేకపోయాడు.

చాంద్ పాషా నమాజుకు లేచి వెళ్లాక ఆమె పరదా తప్పించుకుని బయటికి వచ్చింది. ఫజలుద్దీన్ ఒక్కడే దుంగ మీద కూర్చుని, పానాలు తుడుస్తున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, వత్తిని అతని ముందు గోనె మీద పెట్టింది.

"ఇది జాలీల దొరికింది. దర్గ నూనె. నేనే పోసిన."

అతను వత్తిని చూశాడు. పానా తుడవడం ఆపలేదు.

"ఎప్పటి సంది?"

"ఇస్నాపూర్ కాడ తప్పిన సంది. జుమేరాత్ జుమేరాత్."

"యాదన్న చూసిండా?"

"చూసిండని ఇయ్యాల తెలిసింది."

"ఎవరు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్. రెండో మాట కాడ ఊకున్నడని."

అతని చేతులు అప్పుడు ఆగాయి. వత్తిని తీసి అరచేతిలో పెట్టుకుని, వేలితో సాఫు చేశాడు.

"అడ్డ మీద చెప్పు," అంది ఆమె. "నా పేరే చెప్పు. నాది తప్పు."

"ఏమని చెప్పాలె? మా ఇంటి ఆడిది బానెట్ లేపిందని చెప్పాల్నా? దర్గ నూనె నా ఇంజిన్‌ను కాల్చిందని చెప్పాల్నా? గా నూనె తీసుకపోనోడు ఉన్నడా గా అడ్డ మీద?"

"అయితే యాదన్న దొంగనా?"

"నేను గట్ల అంటున్ననా?"

"నువ్వే అన్నవ్. అందరికంటె ముందుగాల."

ఫజలుద్దీన్ రెండో చేత్తో పానాలను గోనె మీద వరుసగా సర్దాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నీ పేరు బయట పడొద్దనే గదా వాడు దీపం ఆర్పక దిగింది. ఇప్పుడు నేనే పోయి నీ పేరు చెప్తే వాని మాట పాడు చేసినట్టు గాదా?"

యాదన్న మంచితనం ఎటు తిప్పినా యాదన్నకే తగులుతోంది. ఫజలుద్దీన్ వత్తిని బీడీ కట్ట కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంజిన్ ఎక్కనీ," అన్నాడు. "ఎక్కినంక నేనే చెప్త."

మరునాడు ఐలన్న బండికి దుప్పటి అడ్డం కట్టించుకుని ఆమె ఆలంబీతో యాదన్న ఉండే పోతిరెడ్డిపల్లికి పోయింది. మోకాళ్ల కషాయానికి ఆకు కావాలని అత్త పేరు చెప్పింది. ఆలంబీ దారంతా ఏమీ అడగలేదు. పోతిరెడ్డిపల్లి దగ్గర మాత్రం, "నిన్న నా చేతుల నుంచి సీస గుంజుకున్నవ్," అంది. "నేను ముసలిదాన్ని గాని గుడ్డిదాన్ని గాదు. దిగు."

యాదన్న వాకిట్లో కూర్చుని జనపనార తాడు పేనుతున్నాడు. తాడు కొస గుంజకు కట్టి ఉంది. ఆమెను చూసి లేవబోయి, చేతిలో మెలి విడిపోతుందని మళ్లీ కూర్చున్నాడు. మల్లవ్వ పొయ్యి దగ్గర నుంచి చూసింది. నీళ్లు తీసుకోమనలేదు.

బషీరున్నీసా బురఖా ముసుగు ఎత్తి, నిలబడే చెప్పింది. ముందుగానే కూర్చుకున్న మాటలు సగం రాలేదు. "గా నూనె నేను పోసిన. నువ్వు చూసినవ్. ఎందుకు చెప్పలేదు యాదన్నా?"

యాదన్న నార మెలి తిప్పుతూనే ఉన్నాడు. "ఏమని చెప్పాలె బూబమ్మా. నాలుగు గిన్నెల నూనెకు ఇంజిన్ పోతదా అనుకున్న. దేవుని నూనె గదా, మంచిదే అనుకున్న. అడ్డుకోవాల్సింది నేను. అడ్డుకోలే."

"నీకు ఎరికేనా?" మల్లవ్వ లేచి వచ్చింది. ఆమె చూపు మొగుడి మీద నుంచి బషీరున్నీసా మీదికి, మళ్లీ మొగుడి మీదికి తిరిగింది. "నీకు ఎరికే ఉండి నాకు చెప్పలే? నేను గా గుట్ట మీద అందరి ముంగట మన్నుల పొర్లిన."

"నీకు చెప్తే నువ్వు గుట్ట మీదనే చెప్తువు."

"చెప్తును. ఎందుకు చెప్పను? దొంగ పెండ్లమని అనిపించుకోనికి నాకేం బాకి?" అని బషీరున్నీసా వైపు తిరిగింది. "నిన్న ఎందుకు రాలే? నేను నీ గడపల నిలబడి చెప్పిన. రేపే ప్రమాణం అని చెప్పిన. దువా చెయ్యమన్న నిన్ను."

బషీరున్నీసా తల వంచుకుంది. అబద్ధం చెప్పడానికి చోటు లేదు. "నీ పెనిమిటి ప్రమాణం చేస్తే మాట పోతదనుకున్న. నేను చెప్పే పని ఉండదనుకున్న."

మల్లవ్వ వెనక్కి తిరిగింది. పోయి పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. కొంతసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా, అరుగు మీద పెట్టింది.

"మీ భాయ్‌కి చెప్పిన," అంది బషీరున్నీసా. "ఇంజిన్ ఎక్కినంక అడ్డ మీద చెప్తనన్నడు."

యాదన్న మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు నాకు చెప్పినవు, మంచిదే. గాని నేను దొంగను గానని నాకు ఎరికే గదా బూబమ్మా. ఎరిక లేనోళ్లు అడ్డ మీద ఉన్నరు."

తాడు గుంజ దగ్గర నుంచి బిగుసుకుని కిర్రుమంది. అతను మళ్లీ పనిలో పడ్డాడు.

ఇంజిన్ లారీలోకి ఎక్కింది. మూడు వాసాలు మళ్లీ నిలబడ్డాయి, కుప్పీ గొలుసు మళ్లీ గలగలలాడింది. చాంద్ పాషా గొట్టాలు బిగించి, కొత్త డబ్బా తెరిచి నూనె పోశాడు. కొత్త డ్రైవర్ యాకూబ్ గడప పక్కన గోడకు ఆనించి ఉన్న హ్యాండిల్ తీసుకుని, లారీ ముక్కులో దూర్చి తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్లటి పొగ వదిలింది. తర్వాత అందుకుంది. దొడ్డి గోడలు, తాంబాలంలో మిగిలిన బోల్టులు, ఆలంబీ మంచం కోళ్లు అన్నీ సన్నగా వణికాయి. చాంద్ పాషా ఇంజిన్ మీద చెవి పెట్టి విని, ఫజలుద్దీన్ వైపు చూసి తలూపాడు. ఫజలుద్దీన్ నవ్వాడు. బషీరున్నీసా ఆ నవ్వు తగ్గేదాకా పరదా వెనక ఎదురుచూసింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగింది. "చెప్పినవా?"

"బండి ఒక్క ట్రిప్ పోయి రానీ. నడుస్తదో లేదో చూడకముందే ఏం చెప్పాలె?"

జహీరాబాద్ బెల్లం వేసుకుని లారీ హైదరాబాద్ పోయి వచ్చింది. మళ్లీ అడిగింది.

"ఇయ్యాల అడ్డ పెద్ద లేడు."

ఇంకోసారి అడిగినప్పుడు అతను ముద్ద కలుపుతూ, "మర్చిపోయిననా? జేబులనే ఉన్నది," అన్నాడు. మర్చిపోలేదు, నిజమే. ఎవరు యాదన్న పేరెత్తినా అతని చెయ్యి జేబు మీదికి పోవడం ఆమె చూసింది. ఆ చెయ్యి కాగితాన్ని తాకి, బీడీ తీసుకుని బయటికి వచ్చేది.

జుమేరాత్‌లు వస్తున్నాయి. ఆలంబీ మోకాళ్లకు పచ్చ సీసాలో నూనె ఉంది. బషీరున్నీసా లారీ దగ్గరికి పోవడం లేదు. యాదన్న ఐలన్న బండ్ల మీద ఇటుకలు ఎత్తే పనికి పోతున్నాడని విన్నది. మల్లవ్వ వెనక వాకిలికి రావడం మానేసింది.

బట్టలు ఉతికే రోజున బషీరున్నీసా ఫజలుద్దీన్ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి గూటిలో పెడుతుంది. చొక్కా ఆరాక మడత పెట్టి, పొట్లాన్ని మళ్లీ అదే జేబులో పెడుతుంది. కాగితం మడతల దగ్గర చిరిగితే ఒకసారి మార్చింది. వత్తి అందులోనే ఉంది.

అడ్డ మీద ఆ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.